కుడివైపు చూడండి

ఈ ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళు ఇంకేం చూసినా చూడకపోయినా రోప్‌వే ఎక్కకుండా వెళ్ళరు. ఒడ్డునున్న స్టేషన్లో ఎక్కితే ఓడలు వచ్చిపోయే కాలువ మీదుగా అవతలి కొండకి చేరుస్తుంది. తాడుకి రెండే డబ్బాలు. ఒకటి పైకి వెళ్తుంటే రెండోది కిందికి దిగుతుంది, బావి గిలకకి రెండు చేదలు కట్టినట్టు. ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా లోపల ఒక ఆడగొంతు వినిపిస్తూనే ఉంటుంది. "మీ కుడివైపు చూడండి, పాత లైట్‌హౌస్. ఇప్పుడు ఎడమవైపు, ఓడలు బాగుచేసే చోటు." చాలామంది అది టేపు అనుకుంటారు. కాదు. కింది స్టేషన్లో, గాజు గదిలో కూర్చున్న మనిషిది. స్టేషన్లో ఆమెని అందరూ మైకమ్మ అంటారు.

ఆమె చేరింది టికెట్లు చింపడానికి. మైకులో చెప్పే పెద్దాయనకి గొంతు పట్టేసిందని ఒక్కరోజుకి కూర్చోబెట్టారు. ఆ ఒక్కరోజు ఇంకా పూర్తి కాలేదు. ఆమె ముందొక చిన్న తెర ఉంటుంది. అందులో డబ్బా లోపలి మనుషులు కనిపిస్తారు గానీ మాటలు వినిపించవు. ఆమె మాటలు వాళ్ళకి వినిపిస్తాయి. మొదటిరోజే పెద్ద మెకానిక్ ఒక్కటే పాఠం చెప్పాడు: "చూడు అమ్మాయ్, కుడి అన్నావంటే జనమంతా కుడికి చేరతారు. డబ్బా ఒరుగుతుంది. వెంటనే ఎడమ చెప్పు." అప్పట్నుంచి ఆమె తెరమీద తలలన్నీ తన మాటకి ఇటూ అటూ తిరగడం చూస్తూనే ఉంది. ఇంట్లో మాత్రం ఆమె మాటకి తిరిగే తల ఒక్కటీ లేదు.

ముఖ్యంగా అత్తగారిది. ఆవిడ ఈ ఉద్యోగాన్ని ఉద్యోగం కింద జమ కట్టలేదు. "వచ్చినోళ్ళకి కళ్ళు లేవా? చూడండి చూడండి అని చెప్పడానికి ఒక మనిషా?" అనేది. చెడ్డది కాదు, మొండిది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ ఇంట్లో రాజు ఎలాగూ లేడు, కొడుకు నెలలో సగం రోజులు లారీ మీదే ఉంటాడు. మనవరాలిని మాత్రం ఆవిడ కంటికి రెప్పలా చూసుకునేది.

ఆ మనవరాలే రోప్‌వే ఎక్కుతానని ఏడుపు లంకించుకుంది. ఆ ఉదయం అత్తగారు మేడమీద బట్టలు ఆరేసి వచ్చి, "గాలి చూశావా? క్లిప్పులతో సహా లేచిపోతున్నాయి. ఇవాళ వద్దు" అంది.

"ఏం కాదత్తయ్యా. మొదటి ట్రిప్పులో పంపిస్తాను. కింద నేనున్నాగా."

"నువ్వుంటే గాలి ఆగుతుందా?"

"ఆగకపోతే మేమే ఆపేస్తాం. గాలి కొలిచే మిషనుంది."

అత్తగారు మూతి ముడిచింది గానీ చెప్పులు వేసుకుంది. ఆవిడ మాట మీద కోడలు నెగ్గడం అదే మొదలు.

మొదటి ట్రిప్పులో పైనుంచి దిగేవాళ్ళెవరూ లేరు. ఎక్కేవాళ్ళ డబ్బా మాత్రం నిండింది. అందులో ఎర్రచొక్కా వేసుకున్న భారీ మనిషొకడు తలుపు దగ్గర నిలబడ్డాడు. తలుపు ఎడమవైపు, ఊరి వైపు. అత్తగారు మనవరాలిని చంకన వేసుకుని పక్కనే కమ్మీ పట్టుకుంది. గాలి మిషను బాగానే చూపిస్తోంది. మెకానిక్ తలూపాడు. డబ్బా కదిలింది.

కాలువ నడిమధ్యకి వెళ్ళాక సముద్రం మీదనుంచి ఒక్క విసురు వచ్చింది. స్టేషను రేకులు దడదడలాడాయి. ఎర్రదీపం వెలిగింది, మోటారు తనంతట తనే ఆగిపోయింది. తెరమీద జనమంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆమెకి పై ప్రాణాలు పైనే పోయాయి.

ఇలా ఆగినప్పుడు మైకులో ఎవరూ ఏమీ మాట్లాడకూడదని ఆఫీసు నియమం. దానికో టేపు ఉంది. "సాంకేతిక కారణాల వల్ల అంతరాయం కలిగింది, దయచేసి ఆందోళన చెందవద్దు." ఆందోళన చెందవద్దు అని విన్నాకే జనం ఆందోళనపడ్డారు. సముద్రం వైపు అద్దాలకి గాలి కొడుతుంటే అందరూ భయపడి ఊరి వైపుకి, తలుపు దగ్గరికి నెట్టుకున్నారు. డబ్బా ఆ పక్కకి ఒరిగిపోయింది. గాలి కూడా అటే తోస్తోంది.

మెకానిక్ చేతులకి గ్రీజుతోనే గదిలోకి పరిగెత్తుకొచ్చాడు. "డీజిలింజను మీద మెల్లగా వెనక్కి లాగొచ్చు. కానీ అంత ఒరిగుండగా లాగితే తాడు చక్రంలోంచి తప్పుతుంది. నేను ఇంజను వేయను అమ్మాయ్. వాళ్ళని సముద్రం వైపుకి జరుపు, అప్పుడు వేస్తాను."

"ఎలా జరపను?"

"నాకేం తెలుసు? మైకు నీదేగా!"

ఫోను మోగుతోంది. మేనేజరే అయ్యుంటాడు. ఆమె ఎత్తలేదు. టేపు కట్టేసి మైకు స్విచ్చి వేసింది. "అందరూ దయచేసి సముద్రం వైపుకి జరగండి" అంది. ఒక్కరు కదల్లేదు. "జరగండి! డబ్బా ఒరిగిపోతోంది!" అంది. ఆ మాటతో ఎర్రచొక్కా తలుపు పైనున్న అత్యవసర పిడి అందుకున్నాడు. అది లాగితే తలుపు తెరుచుకుంటుంది. కింద నీళ్ళు. ఆ పిడికి జానెడు దూరంలో తన కూతురు.

'నేనున్నాగా' అని తనే పంపింది. తను నోరు మూసుకుని ఉంటే ఈపాటికి వాళ్ళిద్దరూ ఇంట్లో ఉండేవాళ్ళు. ఆ ఆలోచన ఒకటే గుండెలో గునపంలా దిగుతోంది. అయినా తెరమీదనుంచి చూపు తిప్పలేదు. అప్పుడు తోచింది. భయపడ్డవాడు జరగమంటే జరగడు. కానీ వీళ్ళందరూ చూడ్డానికి డబ్బిచ్చి వచ్చారు. చూడమంటే చూస్తారు.

ఊపిరి గట్టిగా పీల్చుకుని, రోజూ మాట్లాడే గొంతుతో మొదలుపెట్టింది.

"మీ కుడివైపు చూడండి. పాత లైట్‌హౌస్. నల్లచారల పైన చిన్న కిటికీ ఒకటుంది. అది కనిపించాలంటే అద్దం దగ్గరికి రావాలి."

రెండు తలలు తిరిగాయి. తర్వాత నాలుగు. ఒక కుర్రజంట తడబడుతూ రెండడుగులు వేసింది. వాళ్ళ వెనక ఒక ముసలాయన. మిగతావాళ్ళు తలుపుకే అతుక్కున్నారు, ఎర్రచొక్కా చెయ్యి పిడి మీదే ఉంది. అత్తగారు కమ్మీ వదల్లేదు. కోడలి గొంతుకి కదిలే మనిషా ఆవిడ?

లైట్‌హౌస్ అయిపోయింది. అలల్ని ఆపే రాళ్ళ గోడ అయిపోయింది. ఆమె వల్లించిన పాఠంలో సముద్రం వైపు చెప్పేవి అంతే. ఇంకేం చూపించాలి?

"కుడివైపే చూడండి" అంది. "తీరం వంపు తిరిగిన చోట పాత పేట. అక్కడ నీలం ట్యాంకున్న మేడ కనిపిస్తోందా? కింది అద్దంలోంచి బాగా కనిపిస్తుంది, నేలమీద కూర్చుని చూడండి. ఆ మేడ మాది. తీగ మీద ఆరేసిన బట్టలు మావే. పసుపుపచ్చ గౌను మా అమ్మాయిది. పొద్దున్నే వాళ్ళ నానమ్మ ఆరేసింది."

తెరమీద పాప తల ఎత్తింది. పెదవులు కదిలాయి. నానమ్మ చంకలోంచి జారి, ఆవిడ చెయ్యి పట్టుకుని కుడివైపుకి లాగింది. ఆవిడ రాలేదు. పాప మళ్ళీ లాగింది.

"అత్తయ్యా" అంది మైకులో. "గౌను ఎగిరిపోయిందేమో చూడండత్తయ్యా. నాకు ఇక్కడ్నుంచి కనిపించదు."

ఆవిడ కమ్మీ వదిలింది. ఒంగి, పాపని పొట్టకి అదుముకుని, సముద్రం వైపు కింది అద్దం దగ్గర కూలబడింది. కళ్ళు మూసుకునే ఉంది, అది తెరమీద కూడా తెలుస్తోంది. అలా మూసుకునే పక్కనున్నామెని చెయ్యి పట్టి కిందికి లాగింది. ఆమె ఇంకొకర్ని లాగింది. ఇక ఎర్రచొక్కా ఒక్కడే మిగిలాడు. అప్పుడు అత్తగారు కళ్ళు తెరిచి, అతని వైపు వేలు చూపించి ఏదో అంది. ఏమందో వినిపించలేదు. వినిపించక్కర్లేదు, ఆ వేలు ఏం చెప్తుందో కోడలికి కంఠోపాఠం. అంత మనిషీ పిడి వదిలి, వచ్చి బుద్ధిగా కూర్చున్నాడు.

డబ్బా నిటారుగా నిలబడింది. కింద డీజిలింజను దగ్గుతూ మొదలైంది.

ఇంజనైతే మొదలైంది గానీ, ఇల్లలకగానే పండగ కాదు. లాగుడు నత్తనడక. గాలి విసిరినప్పుడల్లా మెకానిక్ ఆపుతాడు. ఆపగానే జనం లేవబోతారు. వాళ్ళు లేవకుండా ఆమె మాట్లాడుతూనే ఉండాలి. చేపల మార్కెట్ చూపించింది, ఎవరి దగ్గర మంచివి దొరుకుతాయో కూడా చెప్పింది. పాప బడి చూపించింది. కొడుకు లారీ వచ్చే రోజున అత్తగారు పొద్దుట్నుంచీ నిలబడే మలుపు చూపించింది. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళకి ఆ ఊళ్ళో ఒక ఇంటి గుట్టంతా విప్పి చెప్పింది. ఆగితే తాడు తెగుతుందన్నట్టు చెప్పింది. కళ్ళు మసకబారి తెర కనిపించడం మానేసినా చెప్పింది.

ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. ఆమె తల తిప్పకుండా, "కుడివైపే చూడండి, ఆ మలుపు దాటాక..." అంటూనే ఉంది.

"ఇంకెవరికి చెప్తున్నావే తల్లీ? అందరం దిగేశాం."

అత్తగారు. చంకన పాప. ఆవిడ ఇంకా పాపని దించలేదు. కోడలు తల ఆవిడ పొట్టకి ఆనించి, ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఏడవనట్టు ఏడ్చింది. ఆవిడా ఏడ్చింది. మైకు కట్టేయాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. ఖాళీ డబ్బాలో ఆ ఏడుపు చాలాసేపు వినిపించింది.