గోదాట్లో వదిలేసిన ఫిల్ము

యాభై దాటాక రాత్రి బడిలో నాకు తెలుగు అక్షరాలు వచ్చాయి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో కాకినాడలో నాకు తీసిన స్కాను కాగితాల మీద తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. డాక్టరు నోటితో చెప్పిందే నాకు తెలుసు. కుడి ఊపిరితిత్తిలో సెనగ గింజంత గడ్డ. ముక్క తీసి పరీక్ష చేద్దామంటే సూదికి అందదట. మూడు నెలలాగి మళ్ళీ స్కాను తీసి, రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టి కొలిస్తే ఎంత వేగంగా పెరుగుతోందో తెలుస్తుందట. పెరిగితే కొయ్యాలి.

కొబ్బరికాయలు వలవడం మాన్పించారు. చుట్ట మాన్పించారు. అరుగు మీద మంచం, నేను. దగ్గితే ఇంట్లో అందరూ తల తిప్పి చూసేవారు. అందుకని దగ్గు మింగేవాణ్ణి.

గడువుకి రెండో స్కాను తీయించుకుని వెళ్ళాం. డాక్టరు దాన్ని లైటు పెట్టె మీద పెట్టి, "పాతదేదండీ?" అన్నాడు.

మా ఆవిడ తల దించుకుంది. "వాడపల్లి రేవు కాడ గోదాట్లో వదిలేసేనండి. పసుపూ కుంకం పెట్టి, చీటీలూ కవరుతో సహా."

"ఎందుకమ్మా?"

"ఆ మాయదారి గడ్డ బొమ్మ ఇంట్లో ఉంటే అదీ పెరుగుద్ది కదండీ. దిష్టి తీసింది ఎవరన్నా దాచుకుంటారా?"

డాక్టరుకి కోపం రాలేదు. నాకొచ్చింది. "నన్ను కూడా ఆ కవర్లో పెట్టి వదిలేయాల్సింది."

"మీరు పట్టరండి," అంది.

స్కాను తీసినచోట అడిగితే మిషన్లో పాత బొమ్మలు ఉండవన్నారు. డాక్టరు స్కేలుతో కొలిచి పెదవి విరిచాడు. "అడ్డంగా పిసరంత పెరిగినా గడ్డ మొత్తం రెట్టింపైనట్టేనండి. గుర్తు మీద చెప్పలేను. ఇదే మొదటిదనుకుందాం. మళ్ళీ మూడు నెలలాగండి."

మళ్ళీ అదే మంచం. వీధిలో వెళ్ళేవాళ్ళు నన్ను పలకరించడం కూడా మానేశారు, ఏమడగాలో తెలియక. ఈసారి ఫిల్ముని మా ఆవిడ పెళ్ళిచీర మడతలో పెట్టి, ట్రంకు పెట్టెకి తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుంది. నేనడిగినా చూడనివ్వలేదు.

మూడో స్కాను తీశాక డాక్టరు రెండూ పక్కపక్కన పెట్టి అటూ ఇటూ కొలిచాడు. "పెరగలేదండి."

లేచి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను.

"ఆరు నెలలకి ఇంకోటి తీద్దాం. అప్పుడూ ఇలాగే ఉంటే సగం నమ్మొచ్చు. ఈ రెండూ తేవాలి."

"ఆయ్, తెస్తానండి," అని మా ఆవిడ రెండు ఫిల్ములూ అందుకుంది.

బస్సులో నాకు దగ్గొచ్చింది. ఒళ్ళో కవరు మీద చెయ్యి తీయకుండానే ఆవిడ నా మొహంలోకి చూసింది. మింగేశాను.