రామాలయం మైకులో చెప్పిన మాట

మా ఊరు ప్రత్తిపాడు పక్కన. గేదె తప్పిపోయినా, రేషను వచ్చినా రామాలయం మైకులోనే చెప్పేవాళ్లు. ఆ మాట కోర్టు దాకా పోతుందని ఎవరికీ తట్టేది కాదు.

తొంభైల చివర్లో ఓ ఏడు నాన్న వేసిన పత్తి ఏపుగా పెరిగింది గానీ కాయ పట్టలేదు. అదే కొట్లో విత్తనం కొన్న మరో ఇద్దరిదీ అదే గతి. నాన్నకి ఒళ్లు మండిపోయింది. మైకు పట్టుకుని కొట్టు పేరు చెప్పి, "అక్కడ అమ్మేది దొంగ ఇత్తనం. ఎవరూ కొనమాకండి" అన్నాడు.

తర్వాత అందరూ చేసే పనే చేశాడు. నేలలో పదును పోతుందని చెట్లు పీకించి, కట్టె పొయ్యిలోకి వాడమని అమ్మకిచ్చి, చేను దున్ని శనగ వేశాడు.

శనగ మొలిచేసరికి సమన్లు వచ్చాయి. కొట్టతను పరువు నష్టం కేసు పెట్టాడు. నేనప్పుడు గుంటూరులో బీఏ. వాక్ స్వాతంత్ర్యం గురించి పరీక్షలో పేజీలకు పేజీలు రాసి వచ్చినదాన్ని. "భయపడకు నాన్నా, రాజ్యాంగమే ఇచ్చిన హక్కు" అన్నాను.

నాన్న పెట్టుకున్న ప్లీడరు గారి దగ్గరా అదే అన్నాను. ఆయన నవ్వలేదు. అదే ఆయన చేసిన మేలు.

"ఆ హక్కుకి హద్దులున్నాయమ్మా. ఒకరి పరువు తీసే మాట అనకూడదు. నిజమై, నలుగురి మేలు కోసం అన్నదైతే తప్పు లేదు. కానీ నిజమని మనమే చూపించాలి. ఆ చెట్లున్నాయా?"

"పీకేశామండి" అన్నాడు నాన్న.

"మిగతా ఇద్దరివీ?"

"వాళ్లూ పీకేశారండి. కాయని చేను ఎవరుంచుకుంటారండి?"

పీకకముందే వ్యవసాయాధికారిని పిలిచి చూపించాల్సిందట. అబద్ధం చెప్పి మంచి కొట్టుని కూల్చేవాళ్లూ ఉంటారు, చట్టం ఉండాల్సిందే, ఒప్పుకుంటాను. అయినా ఆ రోజు నాకు కలిగిన కంపరం ఇప్పటికీ పోలేదు.

వాయిదాలకు తిరగలేక నాన్న రాజీకొచ్చాడు. విత్తనం మంచిదేనని అదే మైకులో చెప్పాలి, ఇక ఎప్పుడూ ఆ కొట్టు ఊసెత్తకూడదు. నాన్న చెప్పాడు. అమ్మ తలుపులేసుకుని ఏడ్చింది.

మరుసటి తొలకరికి మా పక్క చేను పొరుగూరి మనిషి కౌలుకు తీసుకున్నాడు. ఆ కొట్లోనే విత్తనం కొనబోతూ, "మంచిదేనా అన్నా?" అని మా గుమ్మంలో నిలబడి అడిగాడు. నాన్న "నన్నడగమాక" అని లోపలికొచ్చేశాడు.

అతని పత్తీ కాయలేదు. అతను గొడవ చేయడానికి రాలేదు. గట్టు మీద నాన్న పక్కన కూర్చుని, "మైకులో చెప్పకపోతే పోనీ, నా చెవినైనా వేయకపోయావా అన్నా" అన్నాడు.