బోర్లా పడుకున్న బాపు

కరోనా రోజుల్లో ఊపిరందక మా బాపును నల్లగొండలో ఒక దవాఖానలో చేర్చాము. తోడుండడానికి నేను వెళ్లేసరికి నర్సు ఆయన్ని బోర్లా పడుకోబెట్టింది.

“ఊపిరాడని మనిషిని బోర్ల పండవెడ్తరా? మీ నాయిననైతే గిట్లనే పండవెడ్తవా?” అని గొడవకు దిగాను.

“గట్ల పంటెనే గాలి మంచిగ అందుతది అక్కా, జర తిప్పకు” అని చెప్పి ఆమె పక్క మంచం దగ్గరికి పోయింది.

నేను వింటానా? ఆయన్ని వెల్లకిలా తిప్పాను. కాసేపటికే పెదాలు నీలమయ్యాయి, మిషను మొత్తుకుంది. నర్సు ఉరికొచ్చి మళ్లీ బోర్లా తిప్పి, ఊపిరి కుదుటపడేదాకా వీపు నిమురుతూ నిలబడింది.

“నా బిడ్డ కొట్లాడవట్టే బతికిన” అని బాపు ఇప్పటికీ మా ఊరు కేతేపల్లిలో అందరికీ చెప్పుకుంటాడు. ప్రతి మాటకూ ఎదురు చెప్పే నేను ఆ మాటకు మాత్రం నోరెత్తలేకపోతున్నాను.