ఇస్త్రీ స్టూడియోలో ఊదారంగు కుక్క

మా బావ స్టూడియోలో ఫోటో దిగిన పోస్టాఫీసు పెద్దాయనకి పుట్టుమచ్చ పోయింది.

గుర్తింపు కార్డు కోసం దిగిన ఫోటో అది. ఎడమ బుగ్గ మీద మిరియమంత పుట్టుమచ్చ ఉందని దరఖాస్తులో ఆయనే స్వయంగా రాశారు. ఫోటోలో ఎడమ బుగ్గ మీద ఏమీ లేదు. కుడి బుగ్గ కూడా వెతికారు, అక్కడా లేదు. కార్డులిచ్చే ఆఫీసులో గుమాస్తా ఫోటో వంక చూసి, ఆయన వంక చూసి, మళ్ళీ ఫోటో వంక చూసి, "ఫోటోలో ఉన్నాయన స్వయంగా రావాలండీ" అని మర్యాదగా చెప్పి పంపేశాడు.

పెద్దాయన అక్కణ్ణుంచి తిన్నగా స్టూడియోకి వచ్చారు. "నా మచ్చ నాకిచ్చెయ్యవయ్యా" అన్నారు. మా బావ కళ్ళజోడు సవరించుకుని, ఫోటోని వెలుతురుకి పట్టుకుని, కాసేపు పరీక్షగా చూసి, "ఎంత శుభ్రంగా వచ్చిందండీ!" అన్నాడు.

అది వెటకారం కాదు. ఆయన మనసులో మాటే. ముఖం మీద మచ్చ కనపడితే మా బావ చెయ్యి ఊరుకోదు. నెగెటివ్‌ల రోజుల్లో సూదిలా చెక్కిన పెన్సిలుతో ఊళ్ళో కుర్రకారు మొటిమలన్నీ మాయం చేసిన చెయ్యి అది. కంప్యూటరు వచ్చాక అందులో ఉన్న వంద పనిముట్లలో మచ్చలు తుడిచే బ్రష్ ఒక్కటే నేర్చుకుని, మిగతావాటి జోలికి పోలేదు. ఆయన దగ్గర ఫోటో దిగితే ముఖం మీద ముడత మిగలదు కాబట్టి ఊళ్ళో అందరూ దాన్ని ఇస్త్రీ స్టూడియో అనేవారు. బోర్డు మీద వేరే పేరేదో ఉంది. అదేమిటో నాకూ గుర్తులేదు.

నేనూ బాధితుణ్ణే. నాకు గడ్డం కింద ఇంకో గడ్డం ఉంది. బావ తీసిన ఫోటోలో అది లేదు. ముచ్చటపడి ఆ ఫోటోని నా ఇనుప సామాన్ల కొట్లో గల్లాపెట్టె వెనక తగిలించుకున్నాను. అప్పట్నుంచి వచ్చేపోయేవాళ్ళు పోల్చి చూస్తారేమోనని రోజంతా మెడ పైకెత్తుకుని కూర్చోవాల్సి వచ్చేది.

అయితే ఫోన్లు తెలివిమీరాయి. వాటిలో ఫోటో తీస్తే ఇస్త్రీ అయ్యే బయటికొస్తోంది. స్టూడియోలో కుర్చీ ఖాళీ, వెనక నీలం తెర ఖాళీ. బావ రోజూ తెర దులిపి, కెమెరా తుడిచి, వీధిలోకి చూస్తూ కూర్చునేవాడు. మా అక్క చూసి చూసి ఒకరోజు నన్ను పిలిచి, "మీ బావని నీ కొట్లో కూర్చోబెట్టుకోరా" అంది.

నాకూ మేకులు తూచడానికి మనిషి కావాలి. అబద్ధమెందుకు, సంతోషించాను. తూకం పక్కన ఒక స్టూలు కూడా వేశాను. బావ రాననీ అనలేదు, వస్తాననీ అనలేదు. మా కొట్టు ముందు నుంచి వెళ్ళేటప్పుడల్లా మాత్రం, పళ్ళ డాక్టరు కుర్చీని చూసినట్టు ఆ స్టూలుని చూసేవాడు.

ఆయన్ని ఆ స్టూలు నుంచి కాపాడాలని కంకణం కట్టుకున్నది మా మేనకోడలు. ప్రింటింగ్ ప్రెస్సులో డిజైన్లు చేస్తుంది. ఒక సాయంత్రం వచ్చి కంప్యూటర్లో ఒక బొమ్మ చూపించింది. నిజం గుర్రం ఫోటోయే, కానీ జూలంతా నీలం, మెడ నారింజ, కళ్ళల్లో ఆకుపచ్చ.

"పశువుల ఆసుపత్రి డాక్టరమ్మ ఇలాంటివి కావాలంటోంది నాన్నా. జనం కూర్చునే గదిలో గోడ నిండా పెడతారట. మా ప్రెస్సులో ఎవరికీ తీరిక లేదు. నువ్వు నేర్చుకో, నేను నేర్పిస్తా."

బావ గుర్రాన్ని ఎగాదిగా చూశాడు. "వీటికి మొటిమలుండవు కదా?"

"ఉండవు."

"అయితే ఫరవాలేదు" అన్నాడు.

పాఠాలు స్టూడియోలోనే మొదలయ్యాయి. మేనకోడలు మంచి పిల్లే గానీ, గురువుగా మాత్రం చండశాసనురాలు.

"ఒకదాని మీద ఒకటి పేర్చిన గాజుపలకలు అనుకో నాన్నా. వీటిని పొరలంటారు. అట్టడుగున అసలు ఫోటో. దాని మీద మాత్రం చెయ్యి వెయ్యకు. పైన కొత్త పొర వేసుకుని, నువ్వు చేసేదేదో దాని మీద చెయ్యి. నచ్చకపోతే ఇదిగో, పొర పక్కన ఈ కన్ను గుర్తుంది చూడు, దాన్ని నొక్కు. ఆ పొర కనపడకుండా పోతుంది."

"మరి కింద ఉన్నది?"

"అదెక్కడికీ పోదు."

"మా కాలంలో నెగెటివ్ మీద గీత పడితే పడ్డట్టే."

"అందుకే మీ కాలం పోయింది. గియ్యి."

మర్నాడు మధ్యాహ్నం నాకు ఫోన్ వచ్చింది. నా కొట్లో రంగుల డబ్బాలు కూడా అమ్ముతాను కాబట్టి బావకి నేనే గుర్తొచ్చాను.

"బామ్మర్దీ, కంప్యూటర్లో రంగు అయిపోతే ఏం చేస్తారోయ్? పొద్దున్నుంచీ చిలక్కి ఆకుపచ్చ పూస్తున్నాను, చుక్క కూడా పడటం లేదు."

నేను తెలిసినవాడిలా కాస్త ఆలోచించి, "చిక్కబడిందేమో, థిన్నరు కలిపి చూడు బావా" అన్నాను.

చిక్కేమిటంటే, రంగు పూసే పొర పొరపాటున చిలక ఫోటో కిందికి జారిపోయింది. పూసిన రంగంతా చిలక వెనకాల పడుతోంది. మేనకోడలు వచ్చి దాన్ని పైకి లాగేసరికి తెరంతా ఆకుపచ్చ వరద. ఆ సలహా ఇచ్చిన మనిషితో ఆమె వారం పాటు మాట్లాడలేదు.

బావకి అన్నిటికంటే నచ్చింది, చేసిన పనిని వెనక్కి తీసుకోవడం. రెండు మీటలు కలిపి నొక్కితే చాలు, ఒలికిన రంగు వెనక్కి పోతుంది. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, ఒకరోజు మా ఇంట్లో టీ కప్పు లెక్చరరైన మా తోడల్లుడి తెల్ల చొక్కా మీద ఒలకబోసి, క్షమించండి అనకుండా ఎడమచేతి రెండు వేళ్ళతో బల్లని టకటకా నొక్కాడు. తోడల్లుడు చొక్కా చూసుకున్నాడు. బావ కూడా చొక్కానే చూస్తున్నాడు, మరక పోతుందని నమ్మకంగా.

ఇక చిరుతపులి సంగతి. దాని ఫోటోని సాధన కోసం ఇచ్చి మేనకోడలు ప్రెస్సుకి వెళ్ళింది. బావ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ కూర్చున్నాడు. మాటల్లో పడ్డాక చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. సాయంత్రం అమ్మాయి వచ్చి చూస్తే, తోక నుంచి నడుము దాకా చిరుత, నడుము నుంచి తల దాకా నున్నటి పెద్ద పిల్లి.

"నాన్నా, మచ్చలేవీ?"

బావ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కొంచెం శుభ్రం చేసినట్టున్నానమ్మా."

అయినా పని పట్టుబడింది. ముందు ఫోటోని నలుపు తెలుపుగా మార్చుకునేవాడు. నీడ చిక్కగా ఉన్నచోట ఊదా, పలచబడేచోట ఎరుపు, వెలుగు తగిలేచోట పసుపు. ముఖం మీద వెలుగు ఎక్కడ పడి ఎక్కడ ఆగుతుందో చూడటం ఆయనకి ఏనాటి నుంచో ఉన్న జబ్బే. ఎర్ర గేదె, నీలం కోడిపుంజు వచ్చాయి. మా అక్క కోడిపుంజుని చూసి, "చలికి బిగుసుకుపోయినట్టుందేంటండీ పాపం" అంది గానీ, మర్నాడు పొరుగావిడని పిలుచుకొచ్చి మరీ చూపించింది.

డాక్టరమ్మ నమూనా అడిగింది. ఆసుపత్రి గుమ్మంలో పడుకుని వచ్చినవాళ్ళందరినీ వాసన చూసి లోపలికి వదిలే ముసలి కుక్క ఒకటుంది. దాన్ని అందరూ రిసెప్షనిస్టు అంటారు. "ముందు మావాణ్ణి చేసి తీసుకురండి. బాగుంటే గోడంతా మీదే" అంది.

ఇంట్లో మా అక్క దీనికి ఇంకో మాట కలిపింది. "గోడ దొరికితే మీ స్టూడియో, మీ ఇష్టం. దొరక్కపోతే సోమవారం నుంచి తమ్ముడి కొట్టు. ఇంక వాయిదాల్లేవు."

బావ ఆ కుక్క మీద ప్రాణం పెట్టాడు. ఊదారంగు ఒళ్ళు, బంగారు కళ్ళు, మెడ కింద ఆకుపచ్చ నీడలు. పెద్ద అచ్చు తీయించి, పటం కట్టించి, చంకలో పెట్టుకుని బయల్దేరాడు. గోడ మనదే అన్న ధీమాతో నేను సుత్తి పట్టుకుని, జేబులో మేకులు పోసుకుని వెంట నడిచాను.

ఆసుపత్రి బెంచీ మీద పిల్లిబుట్ట ఒళ్ళో పెట్టుకున్న ఒక ముసలావిడ ఉంది. పటం మీద గుడ్డ తియ్యగానే ముందు ఆవిడే అంది: "అబ్బ, ఎంత బాగుందో! ఎవరి కుక్కమ్మా ఇది?"

డాక్టరమ్మ కూడా అదే అడిగింది. "ఎవరండీ ఇతను?"

"మన రిసెప్షనిస్టేనమ్మా" అన్నాడు బావ.

అందరం గుమ్మం వైపు చూశాం. అక్కడ పడుకున్నవాడికి ఒక చెవి సగమే ఉంది. ముక్కు మీద తెల్లటి గాటు. నోరు మూసినా ఒక పన్ను బయటికే. పటంలో ఉన్నవాడికి రెండు చెవులూ నిక్కబొడుచుకుని ఉన్నాయి, ముక్కు అద్దంలా మెరుస్తోంది, పళ్ళు వరస తప్పలేదు.

"చెవి?" అంది డాక్టరమ్మ.

"బాగుచేశానమ్మా."

"నేను కుట్టలేకపోయిన చెవిని మీరు కుట్టేశారన్నమాట." ఆమె నవ్వుతూ అనలేదు, కోపంగానూ అనలేదు. "ఈ ఆసుపత్రి తెరిచిన రోజు మొదట వచ్చింది వీడేనండీ. గేట్లో ఇరుక్కుని చెవి చీలికలైపోయింది. చెవి దక్కలేదు, బతుకుతాడన్న ఆశా లేదు. బతికాడు. పొద్దున్నే తలుపు తియ్యగానే ముందు నాకు కనపడేది ఆ సగం చెవే. అది చూశాక, ఇవాళ కూడా చెయ్యగలనులే అనిపిస్తుంది." పటాన్ని మెల్లగా బావ చేతికిచ్చింది. "రంగులు చాలా బాగున్నాయి. కానీ వీడు మావాడు కాదు."

నా జేబులో మేకులు గుచ్చుకోవడం మొదలైంది.

లేచి వెళ్ళిపోదామని నేను సైగ చేశాను. బావ లేవలేదు. ముసలావిడ పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. కాసేపటికి రిసెప్షనిస్టు లేచొచ్చి ఆయన చెప్పు మీద గడ్డం ఆనించి పడుకున్నాడు. బావ ఆ చెవిని ఇటు వంగి ఒకసారి, అటు వంగి ఒకసారి చూశాడు. చాలాసేపు చూశాడు. పిల్లి వైద్యం కూడా అయిపోయింది.

వెళ్ళేముందు డాక్టరమ్మని అడిగాడు. "ఇంకోసారి తెస్తే చూస్తారా అమ్మా?"

"శనివారం దాకా గోడకి రంగు వేయించను" అందామె.

తిరిగొచ్చేటప్పుడు మా కొట్టు దాటాం. బావ స్టూలు వైపు చూడనైనా లేదు.

"బామ్మర్దీ, ఆ చెవి చిరుగు మీద ఎండ పడితే అంచంతా ఎర్రగా వెలుగుతోంది, చూశావా?"

"చూళ్ళేదు బావా."

"ఇవాళ్టిదాకా నేనూ చూళ్ళేదు. చూసే లోపలే తుడిచేశాను కదా."

స్టూడియోలో మేనకోడలు ఎదురుచూస్తోంది. మా ముఖాలు చూసి కుర్చీలోంచి లేచింది. బావ కంప్యూటరు ముందు కూర్చుని కుక్క బొమ్మ తెరిచాడు. పొరలన్నీ పక్కన మెట్లలా నిలబడ్డాయి. ఊదా పొర, పసుపు పొర, వాటన్నిటి కింద "మరమ్మతు" అని తనే పేరు పెట్టుకున్న పొర. దాని పక్కనున్న కన్ను మీద నొక్కాడు.

చెవి చిరిగిపోయింది. ముక్కు మీద గాటు పడింది. పన్ను బయటికొచ్చింది.

"వచ్చేశాడు!" అన్నాడు బావ, తప్పిపోయినవాడు ఇంటికొచ్చినట్టు.

"ఎక్కడికెళ్ళాడనీ, కిందే ఉన్నాడు" అంది మేనకోడలు. "అసలు ఫోటో మీద చెయ్యి వెయ్యొద్దని చెప్పింది ఇందుకే."

తర్వాత బావ మిగతా రంగులన్నీ కాస్త తగ్గించాడు. తన దగ్గరున్న వెలుగంతా తీసుకెళ్ళి ఆ సగం చెవి అంచున పెట్టాడు, నిప్పు అంటుకున్న కాగితంలా, నారింజరంగులో. గాటుని వెండిగీతలా వదిలేశాడు.

"చెవి మరీ ముందుకొచ్చేస్తోందేమో నాన్నా."

"రానీ. పొద్దున్నే తలుపు తియ్యగానే కనపడాలి."

శనివారం మళ్ళీ వెళ్ళాం. ఈసారి ధీమా లేదు కాబట్టి సుత్తి ఇంట్లో వదిలేశాను. మేకులు మాత్రం జేబులోంచి తియ్యడం మరిచిపోయాను. గుడ్డ తీశాక డాక్టరమ్మ పటం దగ్గరికెళ్ళింది, దూరంగా జరిగింది, గుమ్మం వైపు చూసింది. చివరికి నా వైపు తిరిగి, "మేకులు తెచ్చారా?" అంది.

సుత్తి లేదని చెప్పడానికి సిగ్గేసి, ఆసుపత్రిలో గుర్రానికి నాడాలు కొట్టే సుత్తి అడిగి తీసుకున్నాను. మేకు కంటే ముందు నా బొటనవేలికి తగిలింది. అది వేరే కథ.

ఇప్పుడా గోడ నిండా బావ బొమ్మలే. ఒంటికన్ను పిల్లి, కొమ్ము విరిగిన ఎర్ర ఆవు, మెడ మీద ఈకలు రాలిపోయిన నీలం కోడి. వైద్యానికి వచ్చినవాళ్ళు వేలు పెట్టి, "అది మాదే, కుంటుతుంది చూడు!" అని గొప్పగా చెప్పుకుంటారు. చెప్పుకున్నవాళ్ళు ఊరికే ఉండరు, తమ జంతువుల్ని తీసుకుని స్టూడియోకీ వస్తారు. నీలం తెర ముందు మేకలు నిలబడుతున్నాయి. నా కొట్లో స్టూలు మీద పక్కింటి పిల్లి పడుకుంటోంది, దానికి తూకం వెయ్యడం రాదు. బావ నా ఫోటో కూడా మళ్ళీ తీసి, రెండు గడ్డాలతో పటం కట్టి ఇచ్చాడు. మెడ నొప్పి తగ్గింది.

మొన్న పోస్టాఫీసు పెద్దాయన కూడా వచ్చారు, తెలుపు మీద గోధుమరంగు మచ్చలున్న తన కుక్కతో. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి రంగుల బొమ్మ చెయ్యమన్నారు. కుక్క మచ్చలు ఒక్కటి కూడా తగ్గకూడదు, తన బుగ్గ మీది మచ్చ మాత్రం ఈసారి తీసెయ్యాలి, ఇది గుర్తింపు కార్డు కాదు కదా అని మరీ మరీ చెప్పి వెళ్ళారు.

పటం తీసుకోవడానికి వచ్చినరోజు నేనూ అక్కడే ఉన్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశారు. కుక్క మచ్చలన్నీ ఊదారంగులో మెరుస్తున్నాయి. ఆయన ఎడమ బుగ్గ మీద మిరియమంత మచ్చ బంగారు రంగులో మెరుస్తోంది.

"ఏమయ్యా, ఉండాల్సినప్పుడు తీసేశావు, తియ్యమన్నప్పుడు ఉంచేశావు. నీకసలు నా మాటంటే లెక్కుందా?"

బావ పటం మీద దుమ్ము తుడుస్తూ, "అది తీసేసి చూశానండీ, మీ పక్కన కూర్చోనని కుక్క మొండికేసింది" అన్నాడు.