గడ్డం కుక్క మొరిగిన ఆదివారం

సూరత్ దగ్గర హజీరాలో మా కంపెనీ టౌన్‌షిప్‌లో ఆ కుక్కని చూసి నవ్వనివాళ్లు లేరు. ఒళ్లంతా కొబ్బరిపీచులాంటి వెంట్రుకలు, మూతికి గడ్డం. జర్మన్ వైర్‌హెయిర్డ్ పాయింటర్ అని నేను గొప్పలు పోతుంటే, ఈ ముసలాయన్ని ఎక్కడ పట్టుకొచ్చారని మా ఆవిడ ఆటపట్టించేది. అది వేటకుక్క. పొదలో బతికున్న పిట్ట ఉంటే ముందుకాలు ఎత్తి కదలకుండా నిలబడేది. చచ్చినదాని దగ్గరైతే కూర్చుని, ఆగి ఆగి మొరిగేది. గోడవతల చచ్చిన ఆవు దగ్గర ఒకసారి విన్నాను. ఆ అరుపు వేరు.

నాలుగేళ్ల కింద తెలంగాణ నుంచి వలసొచ్చి సూరత్ అమ్రోలిలో ఉంటున్న ఒకామె మా ఇంటికి వచ్చింది. మగ్గాల కార్ఖానాలో పనిచేసే భర్త మూడు రోజులుగా కనిపించడం లేదు. నా దగ్గర వాసన పట్టే కుక్క ఉందని మా కంపెనీ బస్సు డ్రైవరు చెప్పాడట. చేతిలో భర్త చొక్కా ఉంది. నేనేమన్నా పోలీసునా అని విసుక్కున్నాను. ఆమె కదల్లేదు. ఆదివారం కదా అని, కుక్కనీ ఆమెనీ కారెక్కించుకుని బయల్దేరాను.

చొక్కా వాసన చూపగానే కుక్క వాళ్ల గల్లీ నుంచి తిన్నగా తాపీ నది ఒడ్డుకి లాక్కుపోయింది. నీటి అంచున కూర్చుంది. నది వైపు చూస్తూ ఆగి ఆగి మొరిగింది. చచ్చిన ఆవు దగ్గర విన్న అరుపే అది.

"ఏమంటాంది సారూ?"

వాసన ఇక్కడితో పోయిందమ్మా, ఎటో వెళ్లుంటాడు అన్నాను.

"అయితే ఉన్నట్టే గదా?"

ఉన్నట్టే అన్నాను. జాలితో కాదు, పిరికితనంతో. ఆమె ఏడుపు నా ముందు మొదలవడం నాకిష్టం లేకపోయింది. నీళ్లలో వెతకమని పోలీసులకూ చెప్పలేదు.

ఆమె ఊరికి పోలేదు. అతనొచ్చేసరికి గదికి తాళం ఉండకూడదని, ఇంట్లోనే చీరలకు రాళ్లంటిస్తూ బతికింది. రెండు మూడు నెలలకోసారి బిస్కెట్ పొట్లంతో మా గేటు దగ్గరికి వచ్చేది. నా కోసం కాదు. తన పెనిమిటి ఉన్నాడని చెప్పిన కుక్క కోసం. అది ఆమె చేతిలోంచి తింటుంటే నేను తల తిప్పుకునేవాణ్ని. టీవీ చూస్తున్నా, అన్నం తింటున్నా ఆ అరుపు ఉన్నట్టుండి చెవిలో పడేది. చూస్తే కుక్క పడుకునే ఉండేది.

పోయిన నెల కుక్క చచ్చిపోయింది. వారం తర్వాత ఆమె వచ్చింది. మా తమ్ముడి దగ్గరికి పంపామని నా నోరు దానంతటదే చెప్పేసింది.

ఆమె గేటుకి వేలాడుతున్న కుక్క గొలుసునీ, నా మొహాన్నీ చూసింది.

"అప్పుడు గూడ గిట్లనే జెప్పిండ్రా సారూ?"

తల దించుకున్నాను. ఆమె ఏడవలేదు.

"ఇగ ఆయన దినం ఏ రోజు జెయ్యాలె?"

అతను పోయిన రోజు నాకూ తెలియదు. తెలిసిందల్లా కుక్క మొరిగిన ఆదివారం. ఆ తేదీ చెప్పాను.