పొంగని మామిడి కేకు

నా చిన్నప్పుడు కేకు అంటే ఏడాదికి ఒక్కసారి నోట్లో పడే సంగతి. అదీ అరచేతిలో సగం ముక్క. ఇప్పుడు మనవరాళ్లు అట్టడబ్బాలో తెచ్చి, మీద నురగ పూసిన ముక్క నా నోటికి పెడతారు. మింగుతాను. పళ్లు లేని నోటికి అదీ ఒక సుఖమే. కానీ ప్రతిసారీ నా ముక్కు మామిడిపండు వాసన కోసం వెతుకుతుంది, దొరకదు. ఎక్కువసేపు మాట్లాడితే ఆయాసం వస్తుంది నాకు. అయినా ఈ ఒక్కటి చెప్పిపోవాలి.

మాది మనూర్ దిక్కు ఒక చిన్న పల్లె. నిజాం రాజ్యం నాటి మాట. ఇంకొకరి చేలల్లో పని చేసి బతికే ఇళ్లు మావి. మా తాతల నాడే మిషను దొరలు వచ్చి పోయారు, మా వాడలో చాలామంది యేసును నమ్ముకున్నారు. జొన్నలు కోసి, కందులు కొట్టి, చేతిలో పని లేక మనుషులు ఎండకు వాలిపోయి ఉండే రోజుల్లో, ఖేడ్ ఊరి బయట ఒక మామిడితోటలో పల్లెలన్నీ కూడేవి. పాటలు, ప్రార్థన, బంతి భోజనాలు. జాతర అనేవాళ్లం దాన్ని. ఆ జాతరకు ప్రతి పల్లె నుంచి ఒక కేకు రావాలి. ఎవరు పెట్టిన ఆచారమో నాకు తెలియదు. మిషను బంగ్లాలో వంట చేసిన ఒక ముసలామె మా ఆడవాళ్లకు నేర్పిందట, అంతవరకే తెలుసు.

సులువైన పనే అది. గోధుమలు విసిరి పలుచని బట్టలో జల్లించాలి. బెల్లం కరిగించి వడగట్టాలి. పీచు మామిడిపండ్లు పిసికి రసం తీయాలి. నాలుగు గుడ్లు, ఇంత కుసుమ నూనె. పెద్ద కుండలో ఇసుక పోసి, అందులో గిన్నె నిలబెట్టి, కింద కందికట్టె మంట, పైన ఇనుప మూత మీద నిప్పులు. ఇంతే. ఉన్న చిక్కల్లా ఒక్కటే, పిండి పొంగాలి. బంగ్లాలో ఏదో పొడి వేసేవాళ్లట, మాకెక్కడ దొరుకుతుంది? దాని బదులు కల్లు పోసేవాళ్లు. పొద్దున ముంతెడు కల్లు పోసి కలిపిపెడితే మధ్యాహ్నానికి పిండి గిన్నె అంచు దాటేది. కల్లు ముట్టబోమని ఒట్టు పెట్టుకున్న మా వాళ్లే కేకుకు మాత్రం కల్లు తెచ్చుకునేవాళ్లు. నిప్పు తగిలితే కల్లు చచ్చిపోతుంది, పిండే మిగులుతుంది అనేవాళ్లు. ఎవరూ తప్పు పట్టేది లేదు. తోటలో చాప మీద కేకులన్నీ వరుసగా పెడితే, ఏది ఎత్తుగా లేచిందో ఆ పల్లె ఆడవాళ్లు మళ్లీ ఎండాకాలం దాకా తలెత్తుకుని తిరిగేవాళ్లు.

ఆ ఏడు మా పల్లె కేకు చేసే వంతు మా ఇంటికి వచ్చింది.

ఇక్కడ మా నాయిన సంగతి చెప్పాలి. మా నాయిన మంచివాడు. కల్లు తాగిన నాయిన వేరే మనిషి. తాగి వచ్చిన పూట మా అవ్వ, అంటే మా అమ్మ, నన్నూ తమ్ముణ్ణీ జొన్నల గుమ్మి వెనక కూర్చోబెట్టి తను ముందు నిలబడేది. దెబ్బలన్నీ ఆమెకే. అంతకు ముందటి జాతరలో నాయిన అందరి ముందు లేచి, ఇక ముట్టనని మాటిచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు, సంతోషపడ్డారు, మరిచిపోయారు. మాటిచ్చినవాడికి మరిచిపోయే వీలుండదు కదా. చేను నుంచి ఇంటికి వచ్చే దారిలో కల్లు దుకాణం ఉండేది. నాయిన ఆ దారే వదిలేశాడు. వాగులోకి దిగి, తుమ్మముళ్లలోంచి చుట్టు తిరిగి వచ్చేవాడు. ఒకసారి ఆయన వెంట నడుస్తూ కాలికి ముల్లు గుచ్చుకుని ఏడ్చాను. మంచి తొవ్వ ఉండగా ఇటెందుకని అడిగాను. నన్ను భుజం మీద ఎక్కించుకుని, "గా తొవ్వల గాలి మంచిగ లేదు బిడ్డా" అన్నాడు.

అలా ఒక ఏడాది గడిచింది. మా అవ్వ ఒంటి మీద కమిలిన మచ్చలు పోయాయి. పొద్దుగూకిన తర్వాత మా ఇంట్లో నవ్వు వినిపించడం మొదలైంది. అలాంటి ఇంట్లోకి, కేకు పేరు మీద, ముంతెడు కల్లు రాబోతున్నది. వంతు మాకు వచ్చిందని తెలిసిన నాటి నుంచి నాయిన మాట తగ్గిపోయింది. జాతర ముందటి రోజు తెల్లవారకముందే లేచి, పని లేని చేనుకు వెళ్లిపోయాడు.

ఎండ ఎక్కకముందే పక్కింటి అక్క వచ్చింది. నాగల్‌గిద్ద అవతల నుంచి కోడలై వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. మాటల్లో కన్నడం దొర్లేది. మా ఇంటి పాత సంగతులేవీ ఆమెకు తెలియవు. కొంగు కింది నుంచి ముంత తీసింది.

"చిన్నమ్మా, జల్దీ తీసుకో. మా మామ కండ్ల వడితె నీ పిండికి సుక్క మిగల్దు."

"నీ కడుపు సల్లగుండ. ఇంత ఎండల తెచ్చినవా?"

"తేకపోతె? కల్హేర్ ఊరోళ్ల గీర దించాలె ఈసారి. గింత ఎత్తు లేవాలె మన కేకు!" అని మూర చూపించి నవ్వుతూ వెళ్లిపోయింది.

మా అవ్వ ముంత పట్టుకుని అలాగే నిలబడింది. తెల్లటి నురగ అంచున చిటపటమంటున్నది. ఒంటి గది ఇల్లు మాది, వాసన అప్పుడే మూలమూలకూ పాకింది. కేకు వంతు వద్దని ఆమె ముందే చెప్పి ఉండవచ్చు. చెబితే ఎందుకని అడుగుతారు. ఏడాదైనా ఆ మనిషి ముంతెడు కల్లు ఇంట్లో ఉంటే నిలబడలేడట, అని వాడంతా చెప్పుకుంటారు. అందుకే ఎవరికీ చెప్పలేదు, అక్క చేతి ముంత కాదనలేదు. కంచె దాటి పెంటకుప్ప దాకా వెళ్లి మొత్తం వంచేసింది. దాని మీద బూడిద పోసింది. ముంతను చింతపండుతో తోమింది. చేతులు కడిగి వాసన చూసుకుని మళ్లీ కడిగింది. తర్వాత వేపాకు కాల్చి ఇంట్లో పొగ పెట్టింది. ఇదంతా నేను చూస్తూనే ఉన్నాను.

"అవ్వా, మరి కేకు ఎట్ల పొంగుతది?"

"పొంగకుంటె పొంగకపాయె."

"జాతరల అందరు నవ్వరా?"

"నవ్వితె ఏంది, నెత్తురు కారుతదా? నోరు మూసుకొని పండ్లు పిసుకు."

పిసికాను. మోచేతుల దాకా రసం కారింది. జొన్న అంబలి మీది పులిసిన నీళ్లు పోసి అవ్వ పిండి కలిపింది. చెయ్యి మార్చి చెయ్యి, చెమట కళ్లలోకి దిగుతున్నా ఆపకుండా గిలక్కొట్టింది. పిండి కొంచెం నురగ తేలింది, మళ్లీ అణిగింది. ఆమె దాని వంక ఒకసారి చూసి, గిన్నెలో పోసి ఇసుక మీద పెట్టింది. ఆ రోజు ఆమె ముఖంలో ఉన్న అలసట పనిది కాదు. అది ఏమిటో నాకు నా సంసారంలో తెలిసింది.

పొద్దు వాలుతుండగా నాయిన వచ్చాడు. వచ్చినవాడు లోపలికి రాలేదు. గడప బయట, తుమ్మముళ్లతో గీసుకుపోయిన కాళ్లతో నిలబడ్డాడు. మూత మీది నిప్పులు అప్పుడప్పుడే బూడిద పడుతున్నాయి. నాయిన అక్కడి నుంచే అడిగాడు.

"లోపటున్నదా?"

ఏది అని అవ్వ అడగలేదు. పొయ్యి దగ్గర నుంచి లేవను కూడా లేవలేదు.

"మామిడిపండే ఉన్నది. రా" అన్నది.

నాయిన ఇంకా నిలబడే ఉన్నాడు. ముక్కుతో గాలి పీల్చాడు. కాలుతున్న బెల్లం వాసన, మామిడి వాసన, వేపాకు పొగ. అప్పుడు గడప దాటాడు. గోడకు ఆనుకుని కూలబడి, మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. అవ్వ ఒక చెంబు నీళ్లు ఆయన పక్కన పెట్టి మళ్లీ పొయ్యి దగ్గరికి వచ్చింది.

మరునాడు తోటలో చాప మీద పల్లెపల్లె కేకులు కుదురుగా, బూరెల్లాగా ఉబ్బి కూర్చున్నాయి. మా కేకు మీది గుడ్డ తీశారు. వేలు మందం లేదు. ముందు ఎవరో ఒకరు కిసుక్కుమన్నారు. తర్వాత ఆపేవాళ్లు లేరు. కల్హేర్ నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ వంగి చూసి, "గిది కేకా, పిడకనా? గోడకు కొడితె అంటుకునేటట్టున్నది" అన్నది. మా పల్లె ఆడవాళ్ల ముఖాలు మాడిపోయాయి. పక్కింటి అక్క అయితే అందరి ముందే అడిగేసింది.

"చిన్నమ్మా, ముంత నిండ తెచ్చిస్తి గదా! ఏం జేసినవ్ గా కల్లు?"

నా నాలుక చివరిదాకా వచ్చింది మాట. పారబోసింది మా అవ్వ, కావాలనే పారబోసింది, ఆమెకు కేకు చేయడం బాగా వచ్చు అని అరవాలనిపించింది. అవ్వ నా వంక చూడకుండానే నా మణికట్టు పట్టుకున్నది. గాజు నొక్కుకుని నొప్పి పుట్టేంత గట్టిగా.

"నాకే చేతకాలే బిడ్డా. ఎండకు పెట్టి మరిచిన, చెడిపాయె" అన్నది.

మగవాళ్ల గుంపులో నాయిన నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. ప్రార్థన అయింది, మోదుగాకుల్లో ముక్కలు పంచారు. మా కేకు వైపు ఎవరి చెయ్యీ పోలేదు. అప్పుడు నాయిన వచ్చి చాప ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఒక ముక్క విరిచాడు. తిన్నాడు. ఇంకొకటి విరిచాడు. నవ్వుతున్నవాళ్ల వైపు చూడలేదు. నన్నూ తమ్ముణ్ణీ పిలిచి చెరొక ముక్క చేతిలో పెట్టాడు. గట్టిగా ఉంది, నిజమే. కానీ నమిలినకొద్దీ మామిడి రసం వచ్చేది. నాయిన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, దవడ మాత్రం ఆగలేదు. గిన్నెకు అంటిన మాడు కూడా గోటితో గీకి తిన్నాడు.

పక్కింటి అక్క నవ్వు ఆపి నాయిననే చూసింది. తర్వాత మా అవ్వను చూసింది. ఆమెకు ఏమి తట్టిందో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు వెళ్లిపోయింది.

ఎడ్లబండిలో తిరిగి వచ్చేటప్పుడు నేను అలిగి ముఖం తిప్పుకుని కూర్చున్నాను. నాయిన ముందు ఎడ్లను అదిలిస్తున్నాడు. అవ్వ నా చెవి దగ్గరికి వంగింది.

"మీ నాయినకు ముంతెడు కల్లంటె ఇంకా భయమే అని చెప్పాల్నా నల్గురిల? నాకు కేకు రాదంటె ఏం పోయె? రేపు పొద్దుగాల రొట్టె చేస్త, తింటరు. నా పరువు గింత రొట్టెతోటి లేస్తది. ఆయన పరువు పడితె లేపుడు మన తోటి గాదు."

మరుసటి ఏడు వంతు పక్కింటి అక్కది. ఆమె కేకు మీది గుడ్డ తీస్తే అదీ వేలు మందమే. తోటంతా మళ్లీ నవ్వింది. అందరికంటే పెద్దగా అక్కే నవ్వి, "మా చిన్నమ్మ నేర్పిన చెయ్యి, ఇంకెట్లుంటది!" అన్నది. మా అవ్వ తల వంచుకున్నది. ఆమె భుజాలు కదలడం నేను చూశాను. నవ్వో ఏడుపో తెలియలేదు.

ఆ తర్వాత నాయిన బాగుపడిపోయాడని చెప్పను. ఒకటి రెండుసార్లు జారాడు. జారి, తేరుకుని, మళ్లీ ముళ్ల దారి పట్టాడు. అలా నడుస్తూనే ముసలివాడై పోయాడు. నా పెనిమిటికి ఆ ముళ్ల దారి దొరకలేదు. నేను ఎన్ని ముంతలు పారబోసినా, ఎంతమంది ముందు నాకే చేతకాదన్నా, ఆయన గడప బయటే ఉండిపోయాడు, అక్కడి నుంచే పోయాడు. మా అవ్వ చేసిన పని అందరి ఇళ్లలో పండదు. అలసిపోయాను, అబద్ధం ఎందుకు చెప్పాలి.

అయినా ఎండాకాలంలో పిల్లలందరూ కూడితే నేను మామిడి కేకు చేయిస్తాను. ఇప్పుడు పొంగే పొడి ప్రతి దుకాణంలో ఉంది. వేయనివ్వను. బల్లపరుపుగా వస్తుంది, పిల్లలు పడీ పడీ నవ్వుతారు. నవ్వనీ. నాకు చేతకాదు బిడ్డా అంటాను. వాళ్లలో ఒక మనవడు ఈ మధ్య పొద్దుపోయి వచ్చి గడప దగ్గరే ఆగిపోతున్నాడు, నా ముఖం చూడలేక. నేను ఏమీ అడగను. మంచం మీది నుంచి లేవలేను కాబట్టి, ఉన్న గొంతుతోనే పిలుస్తాను.

"మామిడిపండే ఉన్నది బిడ్డా. రా."