విప్పిన కట్ట

కొత్త నేతచీర గంజి వాసన తగిలితే నాకు మా ఊరి తెలుగు బడి గుర్తొస్తుంది. మాది కరీంనగర్ దగ్గర నేతిల్లు.

ఒకనాడు పంతులమ్మ నా ముందు పదేసి చీపురుపుల్లల కట్టలు మూడు, విడిపుల్లలు రెండు పెట్టింది.

"గిండ్ల ఏడు తియ్యి."

"ఇడిగ రెండే ఉన్నయి గద?"

"ఒక కట్ట ఇప్పు."

"అమ్మో, ఇప్పితే చిక్కువడ్తది!" మా ఇంట్లో నూలుకట్టల సంగతి నాకు తెలుసు.

"జర ఇప్పి సూడు."

భయంభయంగా విప్పి లెక్కపెట్టాను. పదీ పదిలంగా ఉన్నాయి! పన్నెండులోంచి ఏడు పోను అయిదు, విప్పని కట్టలు రెండు. ఇరవై అయిదు!

ఆ సంబరంతో ఇంటికెళ్లి బాపు నూలుకట్ట కూడా విప్పేశాను. అది నిజంగానే చిక్కుపడింది.

"గిదెందుకిప్పినవ్ బిడ్డా?"

"పోగులన్ని ఉన్నయో లేవో సూద్దామని."

బాపు నవ్వి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చిక్కు తీశాడు. ఆ పూటంతా మగ్గం ఆడలేదని నాకు చాలా ఏళ్లకు గాని తట్టలేదు.